రేపు మాపటికి నూరు పద్మాలు

మా తమ్ముడు రామం ఉత్తరాలు మొదట్లో నాలుగు పేజీలుండేవి. హైదరాబాదు వెళ్లిన మూడో ఏడాదికి ఇన్లాండు కవరులో సగం ఖాళీ మిగలడం మొదలైంది. మాఘమాసంలో వచ్చినదాంట్లో మూడే ముక్కలు. "అక్కా, నువ్వొకసారి వచ్చి చూడు. ఈ షెడ్డు ఉంచనా, ఎత్తేసి మన ఊరు వచ్చేయనా? నువ్వెలా అంటే అలా."

నేను బడికి వెళ్లినదాన్ని కాను. మా నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు, పద్యాలు, స్తోత్రాలు చెప్పారు. సిమెంటు షెడ్డు ఉండాలో వద్దో చెప్పే తెలివి నాకెక్కడిది? అయినా అడిగినవాడు తోడబుట్టినవాడు. దీపం పెట్టి, "నాకు తెలియనిది నువ్వే చూపించు తండ్రీ" అనుకుని, మావారు బెజవాడలో బస్సెక్కిస్తే బయలుదేరాను. ఆ వైపు చూడనివాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఒకసారే చెప్పినట్టుంటుందని రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగడం

ముందు నా తెలివితక్కువతనం చెబుతాను. రామం ఎల్.బి.నగర్ చౌరస్తాలో నిలబడతానని రాశాడు. దిల్‌సుఖ్‌నగర్ పేరు ఎక్కువగా విన్నాను కాబట్టి అది ముందొస్తుందనీ, దాని తర్వాత దిగాలనీ నాకు నేనే తీర్మానించుకున్నాను. బెజవాడ నుంచి వచ్చేవాళ్లకు ఎల్.బి.నగరే ముందు వస్తుందని, దాన్ని దాటి దిల్‌సుఖ్‌నగర్ చేరాక పక్కనావిడ చెబితే తెలిసి, గబగబా అక్కడ దిగిపోయాను.

రిక్షా అతను నా పెట్టె ఎత్తి పెడుతూ, "ఏడికమ్మా?" అన్నాడు.

"ఎల్.బి.నగర్."

"గది వెనకకు పాయె గదా! బస్సుల నిద్ర వొయినవా?"

"లేదు నాయనా, మేలుకునే ఉండి తప్పు చేశాను."

అతను పెద్దగా నవ్వాడు. "గిది కొత్తగుంది. గీ మాటకు అర్ధరూపాయి తక్కువియ్యమ్మా" అన్నాడు. దిగేటప్పుడు నిజంగానే తగ్గించి పుచ్చుకున్నాడు. ఊరుకాని ఊళ్లో మొదటి మనిషే ఇంత మంచివాడైతే ఇక భయమేమిటి?

దారి పొడుగునా ఇళ్లు లేస్తున్నాయి. చైతన్యపురిలో, కొత్తపేటలో ఇసుక కుప్ప లేని సందు కనిపించలేదు. కొన్ని ఇళ్లకు తలుపుల్లేవు కాని మేడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ప్రతి ఇంటికీ కిటికీల పైన చిల్లుల సిమెంటు పలకలు బిగించారు. గాలీ వెలుతురూ రావడానికట. మా వైపు చూరు కింద నుంచి గాలి దానంతటదే వస్తుంది. ఇక్కడ గాలికి కూడా దారి చేసి పెట్టాలి. వీటిని జాలీలంటారు. పద్మం, చుక్క, స్వస్తికం, ఇలా ఇంటికో తీరు. మా తమ్ముడు చేసేది ఇవే. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల గోడల మీద వాడి చేతిపనే ఉందేమోనని మెడ తిప్పి తిప్పి చూశాను.

చౌరస్తాలో రామం రెండు గంటలుగా నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు.

జాలీలే కాపురమున్న ఇల్లు

అది ఒకప్పుడు ద్రాక్షతోట. ప్లాట్లు చేసి అమ్మగా మిగిలిన చెక్కలో రెండు గదులు, వెనక రేకుల షెడ్డు, నీళ్ల తొట్లు. పందిరి నిలబెట్టిన రాతి స్తంభాలు ఇంకా వరసగా ఉన్నాయి. మా మరదలు విజయ వాటికి దండేలు కట్టి బట్టలారేస్తుంది.

నేను గడప దాటి పెట్టె దించబోతే, "ఒక్క నిమిషం వదినా, చోటు చూస్తాను" అంది. నిజంగానే చూడాల్సి వచ్చింది. గోడల పొడుగునా జాలీలు, మంచం కింద జాలీలు, వంటింట్లో బియ్యం డబ్బా పక్కన జాలీలు. దేవుడి అలమారకు అటూ ఇటూ నడుమెత్తున పేర్చి ఉన్నాయి. సందె దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వెలుగు పడి ఎదుటి గోడ మీద పద్మాలు పూశాయి. ఇరుకని విసుక్కోబోయినదాన్ని చేతులు జోడించి నిలబడిపోయాను.

భోజనాలయ్యాక రామం అసలు సంగతి చెప్పాడు.

"మొదట్లో కాంట్రాక్టర్లు ఐదారు వందలు ఒక్కసారే తీసుకెళ్లి వాళ్ల స్థలంలో పేర్చుకునేవాళ్లక్కా. ఇప్పుడు నా సరుకులో ముప్పాతిక ఒకే కంపెనీకి పోతుంది. వనస్థలిపురం అవతల వరసగా ఇళ్లు కడుతున్నారు. వాళ్ల ఇంజనీరు కొత్త పద్ధతి పెట్టాడు. జపానులో కార్ల ఫ్యాక్టరీలు అలా నడుస్తాయని ఎక్కడో చదివాడట. సైటులో ఏదీ నిల్వ ఉండకూడదు. ఏ గోడకు ఏ పూట కావాలో ఆ పూటే రావాలి."

"మంచి పద్ధతే కదరా?"

"వాళ్లకి మంచిదే. జాలీ పోయడం ఎంతసేపు? మర్నాడు అచ్చులోంచి తీస్తాం. కాని ఆపైన వారం రోజులు నీళ్లలో నానాలి. నీళ్లు తాగని సిమెంటు అంచు పట్టుకుంటే రాలిపోతుంది. వాళ్లు ఇవాళ చెప్పి రేపు తెమ్మంటారు. ఏ రకం అడుగుతారో చెప్పరు. అందుకని అన్ని రకాలూ చేసి పెట్టుకోవాలి. ఒకవారం పనివాళ్లకు ఊపిరాడదు, ఇంకోవారం వచ్చి గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు."

విజయ అందుకుంది. "వాళ్ల కొట్టుగది ఖాళీ అయింది వదినా. అది మా ఇంట్లోకొచ్చింది, అంతే."

"ఇప్పటికి రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే ఈ పని నాగోలులో ఉన్న ఇంకో షెడ్డుకిచ్చేస్తానన్నాడు ఇంజనీరు. అప్పుడిక దీన్ని ఎత్తేయడమే" అన్నాడు రామం, తలెత్తకుండా.

మా ఇంట్లో దేవుడి నైవేద్యం నిన్నటిది పెట్టం. ఏ పూటకా పూట తాజాగా వండాల్సిందే. ఇంజనీరు కోరేది అదేననిపించింది. తప్పేమీ లేదు. కాని ఆ పూట వండాలంటే ఇంట్లో బియ్యముండాలి కదా? రేపు పొంగలో పులిహోరో వండే ఆవిడకు ముందుగా చెప్పాలి కదా? ఆ మాట రామంతో అనలేదు. వచ్చిన రోజే సలహాలు చెప్పడం బాగుండదు.

లచ్చమ్మ రొట్టెలు

రెండో రోజు పొద్దున స్థలం యజమానురాలు లచ్చమ్మ వచ్చింది. ద్రాక్షతోట వాళ్లదే. ఇప్పుడు కొడుకులు ప్లాట్ల వ్యాపారంలో ఉన్నారు. అయినా ఆవిడ రోజూ ఒకసారి వచ్చి స్తంభాలు తడిమి చూసుకుని వెళ్తుందట. జొన్నరొట్టెలూ, గిన్నెలో పచ్చిపులుసూ తెచ్చింది. మేం పులుసంటే మరిగిస్తాం. వీళ్లు చింతపండు పిసికి, ఉల్లిపాయా మిరపకాయా వేసి, పొయ్యి మీద పెట్టకుండానే తినేస్తారు. రెండో రొట్టె నేనే అడిగి వేయించుకున్నాను.

"మీ తమ్ముడు మంచోడేనమ్మా. గని ఎప్పుడు జూసినా పరేషానే. నిద్రల గూడ జాలీలే లెక్కవెడ్తడేమో."

"తోట పెట్టినప్పుడు మీకుండేది కాదా అమ్మా, ఈ కంగారు?"

"ఎందుకుండదు? పండు మాగినంక ఆగదు. కొనేటోడు ఇయ్యాల గాదు, రేపు రమ్మంటడు. ఏం జేస్తం? మాగకముందే చెప్పి పెట్టుకునేటోళ్లం." లేచి చెంగు దులుపుకుని, "మాపటికి ఒస్త" అంది.

మా వైపు 'రేపో మాపో' అంటే నాలుగు రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడని. సరే, వీలున్నప్పుడు వస్తుందనుకున్నాను. ఆవిడ ఆ సాయంత్రమే శనగ గుడాలు, అంటే మన గుగ్గిళ్లే, పట్టుకుని వచ్చేసింది. ఎప్పుడో వస్తానన్న మనిషి ఆ పూటే వచ్చిందంటే ఎంత ఆపేక్షోనని మురిసిపోయాను. అక్కడైనా అనుమానం రాకపోయింది!

సైకిలు మీద వచ్చిన మాట

మూడో రోజు మధ్యాహ్నం రామం సిమెంటు బస్తాల కోసం వెళ్లాడు. విజయ పెరట్లో ఉంది. వాకిట్లో సైకిలు ఆగింది. తలపాగా చుట్టుకున్న పెద్దాయన, మొహమంతా సున్నం చుక్కలు. కంపెనీ సైటులో మేస్త్రి, పేరు మల్లేశం.

"రామమూర్తి లేడామ్మా? జర చెప్పుండ్రి, రేపు మాపటికి నూరు పద్మం జాలీలు గావాలె. ట్రాక్టరొస్తది."

"రేపు మాపటికా?"

"ఆ, రేపు మాపటికి."

రెండుసార్లు అడిగి మరీ తెలుసుకున్నానన్న తృప్తితో, రామం రాగానే చెప్పాను. "మేస్త్రి వచ్చాడురా. రేపో మాపో నూరు పద్మాలు కావాలట."

వాడి మొహం విప్పారింది. "రేపో మాపోనా? పోనీలే, మొదటిసారి ఊపిరి తీసుకోనిచ్చాడు!" అన్నాడు. ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వేరే కాలనీ వాళ్లొచ్చి పద్మాలడిగారు. వాడి దగ్గర నూట రెండున్నాయి. నలభై ఇచ్చేశాడు. తొట్టిలో ఇంకో నలభై అయిదు నానుతున్నాయి, కంపెనీకి అవి అందుకుంటాయి కదా అనుకున్నాడు.

గడ్డిఅన్నారం

ఆ పూట విజయ నన్ను గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుకు తీసుకెళ్లింది. లారీల కొద్దీ బత్తాయిలు నేల మీద పోసి ఉన్నాయి. మా ఊళ్లో జ్వరమొస్తే తెచ్చుకునే పండు ఇక్కడ మోకాలెత్తు కుప్ప. పాడేవాడిలా గొంతు సాగదీసి వేలం వేస్తున్నారు. తోపుడుబండి ఆవిడ ఒకతె ఒక్క గంపే కొంటుంటే అడిగాను, ఇంత చవకగా ఉన్నప్పుడు రెండు కొనుక్కోరాదా అని.

"నా బండికి ఒక్క గంపనే పడ్తదమ్మా. రేపటిది రేపు కొంట. ఈడ కుప్ప ఉంటదని ధైర్యం గదా!" అంది. నా చేతిలో ఒక కాయ పెట్టింది. డబ్బులివ్వబోతే, "తిను, ఏమైతది?" అని కసిరింది. ఆ తీపి ఇంకా నాలుక మీదే ఉంది. ఆవిడ మాట కూడా.

ట్రాక్టరు

మేం తిరిగొచ్చేసరికి ఎండ వాలింది. వాకిట్లో ట్రాక్టరు ఉంది. రామం తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. డ్రైవరు అరుస్తున్నాడు.

"రేపు మాపటికని నిన్న చెప్పి పంపితిమి గదన్నా! మాపాయె. జాలీలేవి?"

"మాపంటే?" అని అడిగాను.

"మాపంటే మాపేనమ్మా. పొద్దుగూకే యాళ్ల!"

చిన్నప్పుడు నాన్నగారు చెప్పిన పద్యాల్లో మాపంటే సాయంకాలమే. అర్థం అప్పజెప్పిన మాటే. పద్యంలో ఎరిగిన మాట సైకిలెక్కి వాకిట్లోకొస్తే గుర్తుపట్టలేకపోయాను. ఒకసారి కాదు, లచ్చమ్మతో కలిపి రెండుసార్లు.

"రామం, నావల్లేరా..." అన్నాను.

"ఊరుకో అక్కా" అన్నాడు. అంతే. కోప్పడినా బాగుండేది.

సిద్ధంగా ఉన్నవి అరవై రెండు. డ్రైవరు తొట్టిలోకి తొంగిచూసి, "గివి ఉన్నయి గదా! తడియైతే ఏమైతది, ఎక్కియ్" అన్నాడు. రామం ఒకటి పైకి తీసి వేలి కణుపుతో కొట్టాడు. బాగా నానినవి గంటలా మోగుతాయి. ఇది పచ్చికుండలా మొద్దుగా పలికింది. మూడు రోజులదే. మెల్లగా మళ్లీ నీళ్లలోకి దించాడు.

"ఇది ఎవరి ఇంటి మీదో పదేళ్లుండాలి. ఇవ్వను" అన్నాడు.

షెడ్డు పోయేటట్టుందని తెలిసి కూడా అన్న మాట అది. మా తమ్ముడని చెప్పుకోవడం కాదు, ఆ క్షణంలో వాణ్ణి నాకిచ్చిన దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఉన్న అరవై రెండూ ఎక్కించాక, "నేనూ వస్తాను. తప్పు చేసినదాన్ని నేను, చెప్పాల్సిందీ నేనే" అని ట్రాక్టరెక్కాను. ట్రాక్టరెక్కడం అదే మొదలు. ఇంజను పక్క మడ్‌గార్డు మీద కూర్చుని, ఒక చేత్తో చెంగూ ఒక చేత్తో ప్రాణాలూ పట్టుకున్నాను.

మెట్ల కింద

సైటులో ఇంజనీరు చిన్నవాడే, ముప్పై దాటి ఉండవు. జాలీలు లెక్కపెట్టించి గడియారం చూసుకున్నాడు.

"అయ్యా, ఇది మా తమ్ముడి తప్పు కాదు. మాపంటే ఏమిటో నాకు తెలియలేదు. రేపో మాపో అని చెప్పాను" అన్నాను.

"ఆలస్యం ఎవరివల్లయినా ఆలస్యమేనండీ అమ్మగారూ. రేపు పొద్దున తొంభై జాలీలు ఎక్కాలి. నా మేస్త్రీలు చేతులు కట్టుకు కూర్చోవాలా? రామమూర్తి గారూ, ఇది మూడోసారి."

మల్లేశం మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. నా వంక చూశాడు, ఇంజనీరు వంక చూశాడు. తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

"సార్, పరేషాన్ గాకుండ్రి. రేపటికి సరిపోతయి."

"ఎట్లా?"

పూర్తికాని ఇంటి మెట్ల కిందికి తీసుకెళ్లి గోనెసంచులు పక్కకు లాగాడు. కింద ముప్పై అయిదు పద్మం జాలీలు, పొందిగ్గా పేర్చి ఉన్నాయి.

ఇంజనీరు వంగి ఒక జాలీ బయటికి లాగాడు. "సైటులో నిల్వ ఉండొద్దని చెప్పానా లేదా?"

"చెప్పిండ్రు సార్. గని మీరు ఇయ్యాల చెప్పి రేపే పెట్టుమంటరు. చేతుల సామాను లేకుంటె పని ఆగుతది. అందుకే వచ్చినప్పుడల్ల రెండు మూడు పక్కకు పెట్టిన."

"జపాన్ల గోనెసంచులు ఉండయా ఏంది?" అన్నాడు వెనక నుంచి ట్రాక్టరు డ్రైవరు.

కూలీలంతా నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు గాని, మొహంలో కోపం కాస్త తగ్గింది. "ఆయనింట్లో నిల్వ, మీ మెట్ల కింద నిల్వ. నేనొక్కణ్ణే లేదనుకుంటున్నాను" అన్నాడు మెల్లగా. రామం వైపు తిరిగి, "మీ సంగతి రేపు చెప్తాను" అన్నాడు.

దాచినది బయటపెడితే తనకే మాటొస్తుందని తెలిసి కూడా బయటపెట్టిన ఆ మేస్త్రికి చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఆయన కంగారుపడిపోయాడు. "అయ్యో, గదేందమ్మా! రేపు పొద్దుగాల కొత్త ఇంటికి దర్వాజ ఎత్తుతున్నం. నువ్వచ్చి బొట్టు పెట్టు. పొద్దుగాల అంటే పొద్దుగాలనే, మల్ల పొరపాటు పడేవు" అన్నాడు.

దర్వాజ ఎత్తిన పొద్దు

మేం ద్వారబంధం నిలబెట్టడం అంటాం, వీళ్లు దర్వాజ ఎత్తుడంటారు. పేరే వేరు, మిగతాదంతా ఒకటే. కొయ్యకు పసుపు రాశాను, కుంకుమ బొట్లు పెట్టాను, మామిడాకులు కట్టాను. కూలీ ఆడవాళ్లు నవధాన్యాల మూట కట్టారు. చుట్టూ గోడలు ఇంకా మోకాలెత్తు కూడా లేవు. మధ్యలో ఒక్క గుమ్మం, దానిలోంచి ఆకాశం. మల్లేశం కొబ్బరికాయ కొట్టాడు. ఒక చిప్ప దర్వాజ దగ్గర పెట్టి, రెండోది నా చేతికిచ్చాడు.

ఆ గుమ్మం చూస్తూ ఊరికే అడిగినట్టు అడిగాను. "మేస్త్రిగారూ, ఇక్కణ్ణుంచి గోడ జాలీల దాకా లేవడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"తొమ్మిది పది దినాలమ్మా. వానొస్తే ఒక దినం ఎక్కువ."

రామం చటుక్కున తలెత్తాడు. నేను చెప్పాల్సింది అయిపోయింది. వాడి చూపు చిప్ప మీద పడింది, తర్వాత గుమ్మం మీద, తర్వాత ఇంజనీరు మీద.

"సార్, దర్వాజ ఎత్తిన రోజే నాకు కబురు చేయండి. పద్మమో, చుక్కో, ఎన్ని కావాలో. మర్నాడు పోస్తాను. మీ గోడ లేచేలోపు నా జాలీ నానుతుంది. మీకు కావలసిన పూటకే తెస్తాను. ఇక్కడా నిల్వ ఉండదు, మా ఇంట్లోనూ ఉండదు."

"కబురు ఎవరు తెస్తారు? మళ్లీ రేపు, మాపూ..." అన్నాడు ఇంజనీరు. ఈసారి నవ్వుతూనే.

"మాటొద్దు సార్" అన్నాడు మల్లేశం. "దర్వాజ కాడ కొట్టిన చిప్ప పంపిస్త. చిప్ప మీద బొగ్గుతోని గీతలు గీస్త. ఎన్ని గీతలుంటే అన్ని పదులు. పద్మమైతే పద్మం బొమ్మ, చుక్కయితే చుక్క. తప్పు పోదు."

ఇంజనీరు నా దగ్గరికొచ్చాడు. "జపానులో ఇలాంటి పనికి కార్డు పంపుతారట" అన్నాడు. నా చేతిలో చిప్ప వంక చూసి, "సరే, రెండు నెలలు చూద్దాం. దీనికి మీ ఇష్టమే, పద్మమా చుక్కా?" అని రామాన్ని అడిగాడు.

"పద్మమే సార్" అన్నాడు రామం. నా చేతిలోంచి ఆ చిప్ప తీసుకుని, రెండు చేతులతో కళ్లకద్దుకున్నాడు.

నేనున్న మిగతా మూడు రోజుల్లో షెడ్డు ఉంచాలా వద్దా అని వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

మా ఊరు

వచ్చి రెండు నెలలు దాటింది. నిన్న రామం ఉత్తరమొచ్చింది. ఇన్లాండు కవరు నిండిపోయి, మడత మీద కూడా రాశాడు. ఒకసారి చిప్ప మీద గీతలు చెరిగి పది జాలీలు తక్కువపడ్డాయట. అప్పట్నుంచి మల్లేశం మేకుతో గీస్తున్నాడట. నాగోలు షెడ్డు మాట మళ్లీ రాలేదు. పనివాళ్లు అందరూ రోజూ వస్తున్నారు. మంచం కింద ఖాళీ అయింది, వంటింట్లో ఖాళీ అయింది. దేవుడి అలమార పక్కన మాత్రం ఒక్క పద్మం జాలీ అమ్మకుండా ఉంచమని విజయ పట్టుబట్టిందట, సందె దీపానికి.

చివర విజయ తన చేతివ్రాతతో, "వదినా, వారానికి మూడు నాలుగు చిప్పలొస్తున్నాయి. రోజూ కొబ్బరి పచ్చడే. పిల్లలు నన్ను చూస్తే పారిపోతున్నారు. మీరొస్తే పెట్టె పెట్టుకోవడానికి చోటుంది" అని రాసింది.

దాని కింద ఇరుకులో రామం ఇంకో ముక్క చేర్చాడు. "మాపటికి ఇంకో చిప్ప వస్తుందక్కా."

మాపటికి అని రాశాడు మా తమ్ముడు! ఈసారి నాకు అర్థమైంది. దీపం పెట్టే వేళయింది. ఇవాళా అదే వేళకు, అక్కడ, ఎవరో సైకిలు మీద చిప్ప పట్టుకుని వాడి వాకిట్లో దిగుతుంటారనుకుంటూ వత్తి ఎగదోశాను.